గ్రాముకు మూడు వందల యాభై

"చుక్కలో పరుగుందని రాశాన్సార్. ఎవరూ నమ్మట్లేదు. ఇవాళ నాలుగింటికి నా లెక్క తప్పని తేల్చేస్తారట. ఈలోపే మీరు రావాలి," అంది ఫోనులో ఒక ఆడగొంతు. అడ్రసు చెప్పి పెట్టేసింది.

చుక్కంటే ఎవరో తెలియని మనిషి ఊళ్ళో లేడు. నుదుట తెల్లమచ్చ, వయసు పదేళ్ళు, దాని కడుపున పుట్టిన ప్రతి పిల్లా పందేల్లో ముందే. నిన్న మధ్యాహ్నం గుర్రాలశాలలోంచి దాన్నెవరో ఎత్తుకుపోయారని పొద్దున్నే పేపర్లో చదివాను. పట్టపగలు చుక్క మాయమైంది కాబట్టి పోలీసులకిప్పుడు చుక్కలు కనపడుతుంటాయని మా ఆవిడ దగ్గర జోకేశాను కూడా. ఆవిడ నవ్వలేదు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఆవిడ సొంత తమ్ముడు.

పోయిన గుర్రంలో ఇంకా పరుగుందని ఒకావిడ రాసిందంటే, అది పరిగెత్తుతుండగా ఎక్కడో చూసిందన్నమాటే. కాన్వాసు బూట్లు తొడిగాను. మెడలో స్టాప్‌వాచీ వేలాడేశాను. ఆటో దిగి చూస్తే మైదానమూ లేదు, కంచే లేదు. పశువుల ఆరోగ్య పరీక్షశాల అని బోర్డున్న రెండు గదుల భవనం. ఏ గదిలోనూ గుర్రం కాదు కదా, గుర్రం తోక పట్టేంత చోటు లేదు.

యాభై దాటిన ఒకావిడ తెల్లకోటులో ఎదురొచ్చింది.

"గుర్రమేదమ్మా?" అన్నాను.

"అదెక్కడుందో తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాన్సార్?"

"మరి పరుగుందన్నారు?"

"ఉంది. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాను."

పరుగుని ఫ్రిజ్‌లో దాచే మనిషిని నేనింతవరకు చూడలేదు. అయినా తొణకలేదు. "ఎంత?" అన్నాను, స్టాప్‌వాచీ చేతిలోకి తీసుకుంటూ.

"మూడు వందల యాభై."

"మీటర్లా?"

"గ్రాముకి."

నేను గుడ్లప్పగించి చూశాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గాజు స్లైడు మీద గీసిన గళ్ళు కనిపించాయి. ఆ గళ్ళ మధ్య గుండ్రంగా, గోధుమరంగులో, మందపాటి పెంకుతో ఒక గుడ్డు నావైపే చూస్తోంది.

"పురుగు గుడ్డు సార్. లద్దెలోంచి వచ్చింది," అంది.

పురుగు! అప్పటికి వెలిగింది. స్టాప్‌వాచీని చొక్కాలోపలికి జారవిడిచి, బూట్లు బల్లకిందికి లాక్కున్నాను. విన్నది తప్పని ఒప్పుకుంటే డిటెక్టివుకి మిగిలేదేముంది? మొదట్నుంచీ పురుగు కోసమే వచ్చినట్టు గొంతు సవరించుకున్నాను.

"మొదట్నుంచి చెప్పండి. మీ పేరు?"

"ఇక్కడంతా లెక్కమ్మంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ కుర్చీలోనే కూర్చుని గుడ్లు లెక్కపెడుతున్నాను. గుర్రం లద్దె, గొర్రె పెంటిక, ఆవు పేడ, ఏదైనా సరే. చూడని గుడ్డు రాయలేదు, చూసింది మానలేదు. నా డబ్బా నేనే కొట్టుకుంటున్నానని అనుకోకండి."

"ఇన్ని డబ్బాల మధ్య కూర్చున్నారు, ఒకటి కొట్టుకుంటే తప్పేంటమ్మా," అన్నాను. ఆవిడ నవ్వింది. మా ఆవిడ కంటే నయం.

"ఎలా లెక్కపెడతారు?"

"నాలుగు గ్రాముల లద్దె తూస్తాను. యాభై ఆరు మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్ళలో కలిపి వడగడతాను. ఉప్పునీళ్ళలో చెత్త కిందుంటుంది, గుడ్లు తేలుతాయి. స్లైడులో నింపి ఐదు నిమిషాలాగితే అన్నీ పై అద్దానికి అంటుకుంటాయి. అప్పుడు గళ్ళలో కనిపించినవాటిని లెక్కపెట్టి యాభైతో గుణిస్తాను. చుక్క డబ్బాలో ఏడు కనపడ్డాయి. ఏడు యాభైలు మూడు వందల యాభై."

"అందులో తప్పేముంది?"

"లెక్కలో లేదు సార్. గుడ్డులో ఉందంటున్నారు. ఈ గుండ్రటి గుడ్డు పాలుతాగే గుర్రప్పిల్లల్లో ఉండే పురుగుది. రెండేళ్ళు దాటేసరికి గుర్రం ఒళ్ళు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది, ఇక రానివ్వదు. చుక్కకి పదేళ్ళు. పదేళ్ళదానికి పసిపిల్లల పురుగేంటి, కళ్ళు పోయాయా అని గుర్రాలశాల మేనేజరు నిన్న పొద్దున తొమ్మింబావుకే ఫిర్యాదు పంపాడు. మా పెద్ద డాక్టరుగారు రిజిస్టర్లో నా లెక్క పక్కన ఎర్రసిరాతో 'తప్పు' అని రాశారు. ఇవాళ నాలుగింటికల్లా నేనక్కడ ఒప్పుకుని సంతకం పెట్టాలి. లేకపోతే ఈ కుర్చీలోంచి లేవాలి."

"దొంగతనానికీ దీనికీ సంబంధం?"

ఆవిడ చేతి తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది. "చుక్కని చూసుకునేది మా ఆయనే సార్. నిన్నట్నుంచి లాకప్పులో ఉన్నారు."

"ఓహో. మొగుణ్ణి విడిపించమని పిలిచారా?"

"ఆయన్ని విడిపించడం మీ పని. నా లెక్క తప్పన్న మాట వెనక్కి తీయించడం నా పని. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి కాబట్టి పిలిచాను."

ఆ మాటతో ఆవిడ మీద నాకు గౌరవం గ్రాముకి మూడు వందల యాభై చొప్పున పెరిగింది.

మిగిలింది చకచకా రాబట్టాను. సోమవారం పొద్దున మేనేజరు ఆవిడ భర్తను రెండు గుర్రాలతో వేరే ఊరి శాలకు పంపాడు. ఆయన తిరిగొచ్చింది నిన్న, గురువారం పన్నెండున్నరకి. వెనకషెడ్డులో చుక్క గది ఖాళీగా ఉంది. ఎక్కడికైనా తీసుకెళ్ళారేమోననుకుని గడ్డి సర్దుతుండగా, ఒంటిగంటకి మేనేజరు వచ్చి దొంగా దొంగా అని అరిచాడు. పన్నెండుకి చుక్క గదిలోనే ఉందనీ, తన కళ్ళతో చూశాననీ మేనేజరు వాంగ్మూలం. ఆ వెనకషెడ్డుకి వెళ్ళేది వాళ్ళిద్దరే. మూడో కన్ను లేదు.

"మూడో కన్ను ఇదుంది," అన్నాను మైక్రోస్కోపు తట్టి.

"దాన్ని తట్టకండి సార్, ఫోకస్ పోతుంది," అంది లెక్కమ్మ.

* * *

మూడూ పదికి బయట జీపు ఆగింది. ముందు మా బావమరిది ఇన్‌స్పెక్టరు, వెనక మేనేజరు, ఆ వెనక పక్కగదిలోంచి ఎర్రసిరా పెన్ను జేబులో పెట్టుకున్న పెద్ద డాక్టరు లోపలికొచ్చారు. మేనేజరు సన్నగా, ఇస్త్రీ బట్టల్లో, గుర్రాలశాలనుంచి కాక బట్టల షాపునుంచి వచ్చినట్టున్నాడు.

బావమరిది నన్ను చూసి పురుగుని చూసినట్టు మొహం పెట్టాడు. "బావా! నువ్విక్కడేం చేస్తున్నావు?"

"గుడ్లు లెక్కపెడుతున్నాను."

"ఇంటికెళ్ళి అక్కయ్యకి లెక్కచెప్పు. దొంగ దొరికాడు, కేసయిపోయింది. ఈవిడ సంతకం పెడితే ఆ ఒక్క కాగితం కూడా అయిపోతుంది."

"దొంగ దొరికితే గుర్రమేది? జేబులో పెట్టుకున్నాడా?"

"కక్కిస్తాను."

"నువ్వు కక్కించేలోపు అది ఇంకో పిల్లని కంటుంది. మేనేజరుగారూ, రెండు ప్రశ్నలు. బుధవారం ఇక్కడికొచ్చిన చుక్క లద్దె నమూనా ఎవరు తీశారు?"

మేనేజరు ఛాతీ విరిచాడు. "నేనే. ప్రతినెలా మొదటి బుధవారం పెద్ద గుర్రాలన్నిటివీ పంపాలి. మిగతావి పనివాళ్ళు తీశారు. చుక్కది మాత్రం ఎవరి చేతా ముట్టించను. ఏడూ పదికి, అది వేస్తుండగా, నా కళ్ళముందు, నా చేత్తో తీసి డబ్బాలో పెట్టాను. మూతకి కాగితం అంటించి దానిమీద సంతకం, టైమూ పెట్టాను."

"పొరపాటున పక్క గుర్రానిది కలిసే వీలు?"

"నా దగ్గర పొరపాట్లుండవండీ. ఇక్కడుంటాయి." గడ్డంతో మైక్రోస్కోపు వైపు చూపించాడు.

లెక్కమ్మ ఫ్రిజ్ తెరిచి డబ్బా తెచ్చింది. మిగిలిన సగం నమూనా వారం దాచడం అక్కడి పద్ధతి. మూతమీద నంబరు ముప్ఫై నాలుగు. గుర్రం పేరు లేదు. చింపిన కాగితం రెండు ముక్కల మీదా మేనేజరు సంతకం ఉంది, ఏడూ పది అన్న టైమూ ఉంది.

"డబ్బా మీద పేరెందుకు లేదమ్మా?" అన్నాను.

"ఉండదు సార్. ఏ నంబరు ఏ గుర్రందో పెద్ద డాక్టరుగారి పుస్తకంలోనే ఉంటుంది. ఎవరిదో తెలిస్తే కన్ను పక్షపాతం చూపిస్తుంది."

పెద్ద డాక్టరు తలూపాడు. పద్ధతి ఆయన పెట్టిందే. ఆ విషయంలో ఆయనకీ కాస్త గర్వముంది.

"విన్నావా బామ్మర్దీ? బుధవారం సాయంత్రం నాలుగింటికి ఈవిడ రాసినప్పుడు అది చుక్కదని ఈవిడకి తెలీదు. దొంగతనం గొడవ పుట్టింది గురువారం ఒంటిగంటకి. మొగుణ్ణి కాపాడ్డానికి ముందురోజే గుడ్లు పెట్టిందంటావా?"

"పెట్టిందనట్లేదు. కంటిచూపు తగ్గిందంటున్నాను. యాభై దాటినావిడ, రోజంతా దాంట్లో చూస్తూ..."

"యాభై దాటితే కళ్ళు పోతాయా?" అన్నాను. నాకు యాభై రెండు. విషయం నా దాకా వచ్చేసింది.

లెక్కమ్మ నన్ను ఆపింది. "పరీక్ష పెట్టండి సార్," అంది ఇన్‌స్పెక్టరుతో. "ఫ్రిజ్‌లోంచి మీకు నచ్చిన డబ్బాలు తీసుకోండి. కొత్త గిన్నెల్లోకి మార్చి, మీరే అంకెలు వేయండి. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. ఒక్కటి తప్పినా ఇప్పుడే సంతకం పెడతాను."

బావమరిది మొహం వెలిగిపోయింది. పెద్ద డాక్టరు సాయంతో రెండు గిన్నెలు నింపాడు. మూడో గిన్నె పట్టుకుని, ఒక్క నిమిషమని జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళాడు. మూడు నిమిషాల తర్వాత మహా గొప్ప రహస్యం మోసుకొస్తున్నట్టు వచ్చాడు. మూడింటినీ ఒకేలా నీళ్ళతో మెదిపి ఆవిడ ముందు పెట్టారు.

లెక్కమ్మ తూచింది, కలిపింది, వడగట్టింది. డ్రాపరుతో మూడు స్లైడులు నింపింది.

"ఐదు నిమిషాలాగాలి," అంది.

"ఎవరి వాచీ ప్రకారం?" అన్నాడు బావమరిది అనుమానంగా. "తక్కువా కాకూడదు, ఎక్కువా కాకూడదు."

ఇలాంటి సమయం రోజూ రాదు. చొక్కాలోంచి స్టాప్‌వాచీ తీసి నొక్కాను. గదిలో అందరూ నావైపు వింతగా చూశారు.

"నీకు స్టాప్‌వాచీ ఎందుకు బావా?"

"డిటెక్టివు దగ్గర అన్నీ ఉంటాయి," అన్నాను గంభీరంగా.

ఆ ఐదు నిమిషాల్లో బావమరిది కూడా ఊరుకోలేదు. పక్కనే రెండో మైక్రోస్కోపు, పాతది, ఖాళీగా ఉంటే ఒక పాత స్లైడు పెట్టించుకుని చూశాడు. "ఇదిగో, నాకు నలభై కనపడుతున్నాయి! లెక్కపెట్టడం ఏమంత బ్రహ్మవిద్య?"

"నల్లటి అంచుతో గుండ్రంగా మెరుస్తున్నాయా సార్?" అంది లెక్కమ్మ అటు చూడకుండానే.

"అవును!"

"గాలిబుడగలు."

పెద్ద డాక్టరు దగ్గినట్టు నటించాడు. నేను నటించలేదు, నవ్వాను.

స్టాప్‌వాచీ ఐదు దగ్గర ఆగింది. లెక్కమ్మ మొదటి స్లైడు పెట్టింది. ఎడమచేత్తో స్లైడుని గడి వెంట గడి జరుపుతూ, కుడిచేత్తో ఫోకస్ చక్రం తిప్పుతూ, పెదవులతో లెక్కిస్తూ ఉంది. మేనేజరు గోళ్ళు కొరుకుతున్నాడు. గుర్రాల మనిషికి అంత కంగారేమిటో గమనించి పెట్టుకున్నాను.

"ఒకటో గిన్నె. పెద్ద గుర్రం. కోలగా, పల్చటి పెంకు, లోపల ద్రాక్షగుత్తిలా ముద్దలు. మూడు గుడ్లు, నూట యాభై."

పెద్ద డాక్టరు తన పుస్తకం చూశాడు. "ఇరవై తొమ్మిదో నంబరు. బుధవారం నూట యాభై అనే రాసింది."

"రెండోది బుధవారం నేను చూసిందే. గుండ్రటి గుడ్లు. ఎనిమిదున్నాయి, నాలుగు వందలు. అప్పుడు ఏడు. ఒకే డబ్బాలోంచి రెండుసార్లు తీస్తే ఒకటి అటూఇటూ ఉంటుంది. కోలగుడ్డు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

"ముప్ఫై నాలుగు," అన్నాడు పెద్ద డాక్టరు. గొంతు కాస్త తగ్గింది.

మూడో స్లైడు మీద ఆవిడ ఎక్కువసేపే ఉంది. బావమరిది చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. లెక్కమ్మ తలెత్తింది.

"ఇది గుర్రమే కాదు సార్. చిన్న పీపాలా ఉంది గుడ్డు, రెండు చివర్లా బిరడాలు పెట్టినట్టుంది. ఇది గుర్రంలో ఉండదు. కుక్కది. పద్నాలుగు గుడ్లు, ఏడు వందలు." చేతులు కడుక్కుంటూ అంది, "మీ పోలీసు కుక్క బయట జీపులో ఉందా? పాపం, పేగుల్లో బాగా ఇబ్బంది పడుతుంటుంది. మందు వేయించండి."

గుడ్లు ఉప్పునీళ్ళలో తేలుతాయని ఆవిడ చెప్పింది. మా బావమరిది నీళ్ళులేకుండానే గుడ్లు తేలేశాడు.

"అది... మొన్నట్నుంచి అన్నం తినట్లేదు," అన్నాడు చివరికి.

నేను కుర్చీ లాక్కుని మేనేజరు ఎదురుగా కూర్చున్నాను. "కన్ను సరైందని తేలింది. ఇప్పుడు చెప్పండి. చుక్క లద్దెలో గుర్రప్పిల్ల పురుగులెలా వచ్చాయి?"

"ఎక్కడో ఒకటీ అరా పెద్దవాటికీ రావచ్చు కదండీ."

"వస్తాయి," అంది లెక్కమ్మ. "ఇరవై ఆరేళ్ళలో రెండుసార్లు చూశాను. అవి కూడా కోలగుడ్ల మధ్య ఒకటో రెండో. చుక్క సంగతి వేరు." సొరుగులోంచి అట్టలు అరిగిన నోటుబుక్కు తీసింది. "నెల తర్వాత పెద్ద డాక్టరుగారు పేర్లు చెప్పాక ఇందులో ఎక్కించుకుంటాను. శాలలో అన్ని గుర్రాలవీ రెండు వందలు దాటవు. చుక్కది మాత్రం ప్రతినెలా పదకొండు వందలకి అటూఇటూ. కొన్ని గుర్రాల తీరంతే, ఒళ్ళు బాగానే ఉంటుంది, గుడ్లు మాత్రం ఎక్కువ పెడతాయి. పోయిన నెల పదకొండు వందల యాభై. అన్నీ కోలవే. అలాంటిదానికి ఒక్క నెలలో కోలగుడ్డు ఒక్కటీ లేకుండా పోయి, గుండ్రటివి రావడమేంటి?"

"అయితే డబ్బా ఇక్కడే మారిందేమో!" అన్నాడు మేనేజరు.

"మూతమీద మీ సంతకం చిరిగింది ఈవిడ తెరిచినప్పుడే," అన్నాను. "మీ చేత్తో తీశానన్నారు, మీ కళ్ళముందన్నారు, పొరపాట్లుండవన్నారు. మూడూ నేను నమ్మాను. తీసింది మీరే. గుర్రమే వేరు."

"ఎవరో పనివాడు..."

"ఎవరి చేతా ముట్టించనన్నారే! బుధవారం పొద్దున పనివాళ్ళంతా ఎక్కడున్నారు?"

మేనేజరుకి బదులు పెద్ద డాక్టరు చెప్పాడు. "పెద్ద గుర్రాల షెడ్లలో ఉంటారు, నమూనాలు తీస్తూ. గుర్రప్పిల్లల వంతు మూడో బుధవారం. మొదటి బుధవారం వాటి షెడ్డువైపు ఎవరూ..." మాట మధ్యలో ఆగిపోయింది. ఎర్రపెన్ను మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎవరూ పోరు," అన్నాను. "ఎవరూ చూడనిచోటికి వెళ్ళి చేతికి దొరికింది తీసి డబ్బాలో పెట్టారు. ఎందుకంటే బుధవారం ఏడూ పదికి చుక్క గదిలో చుక్క లేదు. డబ్బా రాకపోతే పరీక్షశాల అడుగుతుంది. లద్దె లద్దెలాగే ఉంటుంది కదా, ఎవరు కనిపెడతారనుకున్నారు. ఇంకోటి. పురుగులున్నాయని రిపోర్టు వస్తే ఎవరైనా మందు వేస్తారు. మీరు గురువారం తొమ్మింబావుకే ఫిర్యాదుతో పరిగెత్తారు. ఆ కాగితం బతికుంటే మీకు ముప్పని అప్పుడే తెలుసు. సోమవారం ఈవిడ భర్తని ఊరు దాటించారు. చుక్కని దాటించారు. గురువారం ఆయన తిరిగి వచ్చేదాకా ఆగి అరిచారు."

"ఊహలు!" అన్నాడు మేనేజరు. "గుర్రాన్ని చూపించండి, అప్పుడు మాట్లాడదాం. ఇన్‌స్పెక్టరుగారూ, మీ బావగారు గుడ్లతో గుర్రాన్ని పొదిగిస్తారేమో అడగండి."

జోకు బాగానే ఉంది. నాది కాదని కాస్త కుళ్ళుకున్నాను. బావమరిది నావైపు చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు. "బావా, మాట నిజమే. గుర్రం కావాలి," అన్నాడు నెమ్మదిగా.

నా దగ్గర గుర్రం లేదు. గోడ గడియారం మూడూ నలభై ఐదు చూపిస్తోంది.

లెక్కమ్మ నోటుబుక్కు పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. "డాక్టరుగారూ," అంది. "బుధవారం నలభై ఒకటో నంబరు ఎవరిది?"

"ఎందుకు?"

"ఇరవై మూడు గుడ్లున్నాయి. అన్నీ కోలవే. ఇరవై మూడు యాభైలు పదకొండు వందల యాభై. ఇంత లెక్క ఈ చుట్టుపక్కల చుక్కకి తప్ప ఇంకే పెద్ద గుర్రానికీ రాలేదు. రాసేటప్పుడే అనుకున్నాను, చుక్క డబ్బా వచ్చిందని. తర్వాత చుక్కది ముప్ఫై నాలుగన్నారు. నేనే పొరబడ్డానేమోనని ఊరుకున్నాను. నన్ను నేను అనుమానించుకున్నది ఇరవై ఆరేళ్ళలో ఆ ఒక్కసారే."

పెద్ద డాక్టరు పుస్తకం తిప్పాడు. అద్దాలు సర్దుకున్నాడు. "బుధవారం పదకొండింటికి వచ్చింది. కొత్తగా కొన్న ఆడగుర్రం, మంగళవారం దిగింది, మిగతా గుర్రాల్లో కలిపే ముందు పరీక్ష కోసమని రాశారు. గుర్రాలు పెంచేవాళ్ళు ఎవరైనా చేసే పనే. పంపింది..." మట్టి మోసే గుర్రాలున్న ఒక ఇటుకబట్టీ యజమాని పేరూ అడ్రసూ చదివాడు.

"వాడికెన్నిసార్లు చెప్పాను!" అన్నాడు మేనేజరు. "ఎక్కడికీ ఏమీ పంపొద్దని..."

అక్కడ ఆగాడు. ఆగినా ఆలస్యమైపోయింది. మాట డబ్బాలోంచి బయటికొచ్చేసింది, మూతమీద సంతకంతో సహా.

"వాడెవడు?" అన్నాడు బావమరిది చాలా మెత్తగా. వాడు మెత్తగా మాట్లాడితే ఏమవుతుందో నాకు నా పెళ్ళిలోనే తెలిసింది.

"మా... మా తోడల్లుడు."

"గుర్రం అక్కడే ఉందా?"

మేనేజరు ఇస్త్రీ బట్టలు ఒక్కసారిగా నలిగిపోయినట్టయ్యాయి. "ఐదింటికి లారీ వస్తుంది. రాష్ట్రం దాటించేస్తాడు."

బావమరిది ఫోను తీశాడు. మొదటి ఫోను ఇటుకబట్టీ దారిలోని చెక్‌పోస్టుకి. రెండోది స్టేషనుకి. "గుర్రాల ఆయన్ని వదిలెయ్యండి. టీ ఇచ్చి, కుర్చీ వేసి, జీపులో ఇంటికి... కాదు, ఇటుకబట్టీ దగ్గరికి తీసుకురండి. చుక్క ఆయన మాటే వింటుంది." ఫోను పెట్టేసి లెక్కమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, కంటిచూపు గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను."

"కుక్కకి మందు మర్చిపోకండి," అంది లెక్కమ్మ.

ఆవిడ దృష్టి అతని మీద లేదు. రిజిస్టరు తెచ్చి పెద్ద డాక్టరు ముందు తెరిచి పెట్టింది. ముప్ఫై నాలుగో నంబరు. మూడు వందల యాభై. పక్కన ఎర్రటి 'తప్పు'.

ఆయన ఆ మాటని కొట్టేసి 'ఒప్పు' అని రాశాడు.

"సంతకం," అంది లెక్కమ్మ.

పెట్టాడు.

"టైము కూడా వేయండి సార్. మీరు పెట్టిన పద్ధతే కదా."

పెద్ద డాక్టరు గోడ గడియారం చూసి నవ్వేశాడు. "మూడూ యాభై," అని రాశాడు.

అప్పుడు లెక్కమ్మ కూర్చుంది. పొద్దుట్నుంచి మొదటిసారి కూర్చున్నట్టు కూర్చుంది. "మా ఆయన ఇంటికొస్తే చెప్తాను, మిమ్మల్ని నేను విడిపించలేదు, నా లెక్క విడిపించిందని," అంది. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. ఇరవై ఆరేళ్ళ కళ్ళు అవి, వాటికి ఆ మాత్రం ఉప్పునీళ్ళు బాకీ ఉన్నాయి.

మేనేజరుకి బేడీలు వేసి, చెయ్యి పట్టుకుని గుమ్మం దాటబోతూ బావమరిది వెనక్కి తిరిగాడు. "అది సరే బావా, అన్నీ చెప్పావు. ఆ స్టాప్‌వాచీ, ఈ కాన్వాసు బూట్లూ ఎందుకో చెప్పలేదు. నిజం చెప్పు, లేకపోతే అక్కయ్యని అడుగుతాను."

ఇక దాచి లాభంలేదు. గదిలో ఉన్నవాళ్ళందరికీ, బేడీలతో ఉన్న మేనేజరుకి కూడా, విడమరిచి చెప్పాను. "ఈవిడ ఫోనులో చుక్కలో పురుగుందంది. నాకు పరుగుందని వినిపించింది. పోయిన గుర్రం పరిగెడుతుంటే చూసిందేమో, ఎంత వేగమో కొలుద్దామని బయల్దేరాను. మూడు వందల యాభై అంటే మీటర్లనుకున్నాను."

పెద్ద డాక్టరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. బావమరిది గోడ పట్టుకుని నవ్వాడు. మేనేజరు కూడా పెదవి కొరుక్కున్నాడు.

లెక్కమ్మ నవ్వు ఆపుకుంటూ అంది, "అంటే గుర్రాన్ని వెతకడానికి మీరు పరుగు కోసం వచ్చారు సార్. నేను పురుగుతో పట్టిచ్చాను."

బావమరిది అప్పటికే మేనేజరుని లాక్కుని జీపువైపు ఉరికాడు. ఐదింటికి లారీ. నేను స్టాప్‌వాచీ నొక్కి వాడి వెనక పరిగెత్తాను. దేనికోసం తెచ్చానో ఇన్నాళ్ళకి ఒక్క వస్తువైనా దానికే పనికొచ్చింది.